మాస్ లెబర్ట్ ఆదివారం బూట్లు

మొహం తిప్పుకోకండి మాస్ లెబర్ట్, తాగండి! పంచదార నీళ్ళే, విషం కాదు. ఇన్నేళ్ళూ నా చాటున తాగారుగా, ఇవాళ నర్సమ్మే స్వయంగా పట్టిస్తుంటే అట్లా చూస్తారేం?

మాట్లాడొద్దు. ముందు గ్లాసు సంగతి చూడండి. ఒళ్ళంతా ఇంకా చెమటలే.

బెంచీ మీంచి యామ్ దుంపల బస్తాలా జారిపోతిరి! మీ పక్కన కూర్చున్న మిస్ ఐసిల్డా అయితే సమాధుల దగ్గర పాడే పాట ఎత్తుకోనే ఎత్తుకుంది. ప్రభువు పిలవలేదు లెండి. మీరే బయల్దేరారు.

నిన్న మధ్యాహ్నం నుంచీ ఏం తిన్నారు? ఏమీ లేదా? ఒక్క యామ్ ముక్కయినా? మరేం తాగారు? సెరసీ! ఔను, అడవికాకర తీగ మరగబెట్టిన ఆ చేదు కషాయం, చెంబెడు. పైగా పొద్దున్నే ఇన్సులిన్ సూది మాత్రం మర్చిపోకుండా పొడుచుకున్నారు. ఎంత బుద్ధిమంతులండీ!

ఇదిగో, బడిపిల్లలకి చెప్పినట్టు చెబుతా, వినండి. ఆ మందు రక్తంలో చక్కెరని కిందికి దించుతుంది. కడుపులో తిండి ఉంటే సరేసరి. లేకపోతే? దించుతూనే పోతుంది. ఆఖరికి మెదడుక్కూడా మిగల్చదు. అర్థమైందా? ఊరికే తల ఊపడం కాదు.

క్లినిక్ రోజంటే మీ అందరికీ పరీక్షల రోజే కదా! ముందురోజు ఉపవాసం, కషాయం. పొద్దున్నే చర్చి సూటు, అద్దంలా మెరిసే బూట్లు. నేను చక్కెర పరీక్షలో మంచి అంకె చదవగానే బెంచీలన్నీ చప్పట్లు, "దేవునికి స్తోత్రం!" మరి గేటు దాటాక? బెల్లం బుల్లా రొట్టె, మధ్యలో చీజు ముక్క, డబ్బాపాలు పోసిన టీ. నాకు కనపడదనుకుంటారు. ఆ కిటికీ దేనికుందండీ?

ఈ ఒక్కరోజు అంకె చూసి డాక్టరుగారు "భేష్, ఇదే మందు వాడండి" అంటారు. మిగతా నెలంతా మీ ఒంట్లో ఏం జరుగుతోందో ఆయనకేం తెలుసు? మీరు మోసం చేస్తున్నది ఆయన్ని కాదు, మీ కాళ్ళని.

కాళ్ళంటే గుర్తొచ్చింది. బూట్లు విప్పండి.

ఎందుకేమిటి? మేజోళ్ళు ఉతికినవే అంటారా? నేనేమన్నా చాకలిదాన్నా, అవి చూడ్డానికి? ఏమిటీ, నొప్పేం లేదా? అదే నా భయం. ఈ జబ్బులో నొప్పి తెలియకపోవడం మంచి కబురు కాదు. ఉండండి, నేనే విప్పుతా. అబ్బా, నా మోకాళ్ళు...

ఏమిటిది?

మాస్ లెబర్ట్! ఇది రేకుల మేకు. బూటు అట్టలోంచి పొడుచుకొచ్చి సరిగ్గా మీ వేలి కిందికి దిగింది. తుఫాను తర్వాత కప్పు వేయించారే, అప్పటిదా? దీని మీదే చర్చికి నడుస్తున్నారా? ఎవరి పెళ్ళిలోనో డాన్సు కూడా చేశారా!

మీరంతా నవ్వకండి! మిస్ ఐసిల్డా, పాదాలు బెంచీ కిందికి లాక్కుంటారేం? తర్వాత వంతు మీదే.

వినండి. వేలు నల్లబడింది. పాదం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది. ఇప్పుడే కింగ్‌స్టన్ పెద్దాసుపత్రికి వెళ్తే, వేలు పోయినా పాదం దక్కొచ్చు. రేపంటే నేను మాటివ్వలేను. వ్యాను రమ్మంటాను. సరేనా?

ఏమిటీ? గట్టిగా చెప్పండి.

అంకె ఎంతొచ్చిందా!

మేకు దిగిన కాలు ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చుంటే, మీకు అంకె కావాలా? సరే, చెబుతా. పడిపోయినప్పుడు చూశాను. ఇంత తక్కువ మీకెప్పుడూ రాలేదు. ఈ క్లినిక్‌లోనే ఎవరికీ రాలేదు. ఫస్టు మీరే. కొట్టండమ్మా చప్పట్లు!

అయ్యో... నిజంగానే కొడుతున్నారే!

కానివ్వండి. ఆ గ్లాసన్నా ఖాళీ చెయ్యండి, ఛాంపియన్ గారూ.