బీపీకి మూడు మందులు కలిపి కొట్టాను

“తాతయ్యా, నీ కళ్ళు తిరగడం ఎట్టా తగ్గింది? మా నర్సింగ్ కాలేజీలో చెప్పాలి” అని నువ్వడిగితే చెప్పకుండా ఎట్టా ఉంటానమ్మా. నవ్వకూడదు మరి. నవ్వినా పర్లేదులే, మీ నాయనమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

నిరుడు మిరప కోతలప్పుడు... కాదు కాదు, కోతలకు ముందే, తలనొప్పని పేటలో ఆసుపత్రికి వెళ్తే డాక్టరు గారు బీపీ అని మాత్ర రాశారు. నాలుగు రోజులు వేశా, తగ్గలా. మిరపలో మనం ఏం చేస్తాం? ఒక మందుకి పురుగు చావకపోతే ఇంకోటి కలిపి కొడతాం కదా. అట్టాగే గుంటూరులో ఇంకొకాయన దగ్గర రాయించుకున్నా. దానికి తోడు మన ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్ర ఇంకోటి. మూడూ కలిపి మింగడం మొదలెట్టా. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. పక్క కొట్లో పురుగుమందు కొన్నామని మన కొట్టాయనకి చెబుతామా ఏంటి? మొహం మాడ్చుకోడూ. డాక్టర్లూ అంతే అనుకున్నా.

ఇక చూడు, వంగి లేస్తే చేనంతా గిర్రున తిరిగేది. మా చిన్నాన్నకి ఇట్టాగే మొదలై తలలో గడ్డని తేలింది. పత్తి జిన్నింగు మిల్లులో చేసేవాడులే, వచ్చేటప్పుడు మాకు బజ్జీలు తెచ్చేవాడు, అప్పట్లో పొట్లం పావలా... సరే, ఆయన సంగతి ఇప్పుడెందుకు. నాకూ గడ్డే అని నేనే ఖాయం చేసుకున్నా. మీ నాన్న చేలో అడుగు పెట్టనివ్వలా. పోయేవాడికి బండెందుకని నా టీవీఎస్ మా బావమరిదికిచ్చేశా.

డాక్టర్లేమో “మందులు వాడుతున్నారా?” అనేవాళ్ళు. “వాడుతున్నానండి” అనేవాణ్ణి. అబద్ధం కాదుగా.

చివరికి గుంటూరులోనే ఒక డాక్టరమ్మ దగ్గరికెళ్ళాం, మీ అమ్మ వయసుంటుంది. పెన్ను పక్కన పెట్టేసింది. “పొద్దున లేచిన కాణ్ణించి ఏమేం మింగుతున్నారో చెప్పండి. ఎవరిచ్చినవైనా సరే, నేనేమీ అనుకోను” అంది. నేను నీళ్ళు నములుతుంటే మీ నాయనమ్మ సంచి బోర్లించింది, టేబులు మీద మాత్రలే మాత్రలు.

“మూడూ బీపీవే పెద్దాయనా, పేర్లే వేరు. బీపీ మరీ పడిపోయి కళ్ళు తిరుగుతున్నాయి. ఇన్ని ఎందుకు కలిపారు?”

మిరప సంగతి చెప్పా, కొంచెం గొప్పగానే.

“అట్టా కొడితే తోట ఎట్టా ఉంది?”

“ఆకు మాడిందండి.”

ఆమె నా మొహం వంక చూసిందంతే. మీ నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒక్క మాత్రే ఉంచి, ఎప్పుడు వేసుకోవాలో చెప్పి, “ఇప్పుడు మీరు నాకు చెప్పండి” అంది. తప్పు చెప్పా. విసుక్కోలేదు, మళ్ళీ చెప్పించుకుంది. వారం తిరక్కుండానే, మిరపకాయలు ఆరబోసిన కల్లం దాకా కర్ర లేకుండా నడిచెళ్ళా. గడ్డా లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ రోజు తిన్న అన్నం రుచి ఇంకా నోట్లోనే ఉంది. బండి మాత్రం బావమరిది ఇవ్వనంటున్నాడు, “పోతానన్నావుగా బావా” అని.

నువ్వూ రేపు ఆసుపత్రిలో నిలబడతావు. నీ ముందు కూచున్నోళ్ళకి భయం లేకుండా నోరు పెగలాలి తల్లీ, అదే నా దీవెన. చల్లగా ఉండు. అదిగో, మీ నాయనమ్మ కేకేస్తోంది. ఏంటే, వస్తున్నానుండు, పిల్లతో మాట్లాడుతుంటే...