తెల్లవారుజాము నేత

విన్నావా నీ కూతురి ఘనకార్యం? ఉద్యోగం వద్దంట! బెంగుళూరు కొట్లో ఉద్యోగం, ఉండటానికి హాస్టలు, అన్నీ మేం చూసుకుంటామని చీరల కొట్టు తారిక్ గారు అన్నాక కూడా వద్దంట. ఎందుకే అంటే, నాన్న ఇంకా ఇంట్లోనే ఉన్నాడు గదమ్మా, వదిలి ఎక్కడికి పోతాను, అంది. నిన్న సాయంత్రం ఇక్కడే, ఈ మగ్గం పక్కనే నిలబడి అంది.

ఇప్పుడు తప్పెవరిదయ్యా? నీదే. పోయినవాడివి పోయినట్టుండాలా, వద్దా?

గోడ మీద ఫొటోకి చెప్పడం లేదు నేను. ఆ ఫొటోలో నువ్వు ఎవరి పెళ్ళికో బయల్దేరినట్టుంటావు, ఆయనెవరో నాకు తెలీదు. ఈ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు చూడు, ఆ మనిషికి చెప్తున్నా. మాఘమాసంలో నేస్తూ నేస్తూ, నూలు నాడె చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయాడే, ఆ మనిషికి. నేను ఆ గోడవార రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నా. మగ్గం చప్పుడు ఆగింది. నూలు తెగిందేమో అనుకున్నా. తలెత్తి కూడా చూళ్ళేదు.

చీర సగం దాటి మగ్గం మీదే ఉండిపోయింది. ఎవరి చీర? దానిదే. షావుకారుకి కాదు, బేరానికి కాదు, మా శ్రీదుర్గ మొదటి ఉద్యోగానికి కట్టుకుపోయే చీర అని వీధంతా చాటింపేశావు గదా! అప్పటికి దాని డిగ్రీ పరీక్షలన్నా అవలా. పక్కింటి రావమ్మ వదిన ఎంత నవ్విందీ! ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ అంకమ్మరావు యవ్వారం, అంది.

ఆ వదినే నీ కర్మ అయిన మర్నాడు వచ్చి నా చెవిలో చెప్పింది. సగం చీర మగ్గం మీదుండగా పోయినోడు గుంట వదలడు రాఘవమ్మా, కోసి పక్కన పెట్టెయ్, అని. కత్తెర తీసుకున్నా. చెయ్యాడలేదు. వదలకపోతే ఏం, ఉండనీ, అనుకున్నా. తప్పా?

అసలు దాన్ని ఈ దారి పట్టించిందెవరంట? వన్ టౌన్లో తారిక్ గారి చీరల కొట్లో నువ్వు నేసిన చీరలు ఇచ్చేవాడివి గదా, ఆ చనువు కొద్దీ, ఎండాకాలం సెలవుల్లో మా పిల్ల మీ కొట్లో నిలబడుతుందండీ, పనీ తెలుస్తుంది, నాలుగు ఇంగ్లీషు ముక్కలూ వస్తాయి, అన్నావంట. నువ్వు పోయినా ఆయన ఆ మాట మర్చిపోలా. మనిషిని పంపించాడు. నేనెలా కాదంటాను?

పొద్దున్నే బస్సెక్కడం. పగలంతా కొట్టు. సాయంత్రం మార్కెట్ దగ్గర ఎవరిదో మేడ మీద స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు. తారిక్ గారమ్మాయి ఫరహత్ కూడా సెలవులకి కొట్లోనే ఉంటుంది. ఆడపిల్లలిద్దరూ పందెం వేసుకున్నారంట, నోట్లోంచి తెలుగు ముక్క దొర్లితే ఆ పూట టీ లేదని! మొదటి వారం మన పిల్ల టీ మొహం చూడలా. తలనొప్పితో ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. తర్వాత్తర్వాత ఏమైందో ఏమో, ఢిల్లీ నుంచి ఎవరో ఆవిడొస్తే, నిజాం అంచు అంటే ఏంటి, పడుగు ఏది, పేక ఏది, అన్నీ ఇంగ్లీషులో గడగడా చెప్పేసిందంట. ఆవిడ కట్టలకి కట్టలు కొన్నదంట.

దాంతో తారిక్ గారు స్వయంగా మనింటికొచ్చారు. మా తమ్ముడు బెంగుళూర్లో కొట్టు తెరుస్తున్నాడమ్మా, అమ్మాయిని పంపించండి, నెలాఖరు శుక్రవారం లోపల ఏదో ఒక మాట చెప్పండి, అన్నారు. ఆ శుక్రవారం ఇవాళే.

ఆయన వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచే గదా, మగ్గం మోగడం మొదలైంది?

పిల్ల ఆరుబయట మంచం మీద పడుకుంటుంది. నేను లోపల చాప మీద. కోడి కూయకముందే టకటకా, టకటకా. కాసేపు ఆగి, మళ్ళీ. అది ఉలిక్కిపడి లోపలికొచ్చేసరికి చప్పుడుండదు. గుంట ఖాళీ. నేను ముసుగు తన్ని పడుకునుంటా.

"అమ్మా, విన్నావా?"

"విన్నానే."

"నాన్నేనా?"

ఏం చెప్పమంటావు? మీ నాన్నే, అన్నా.

చీర కూడా పెరుగుతోంది మరి! ఒకరోజు బెత్తెడు, ఒకరోజు జానెడు. రావమ్మ వదిన చూసి బుగ్గలు నొక్కుకుంది. గుమ్మానికి నిమ్మకాయ కట్టింది, కొండ మీద స్వామికి పానకం పోయిస్తానని మొక్కుకుంది. పిల్ల మొహం పాలిపోయింది. ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని మగ్గం వైపు తిరిగి పైకి చదివేది, నీకు వినపడాలని.

అలా చూడమాకయ్యా నావైపు. నీకు తెలుసు.

నువ్వు రాలా. ఒక్కనాడు కూడా రాలా. ఎంత పిలిచాను నిన్ను! నేనేనయ్యా. నేనే నేశా.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నీ వెనకాల కూర్చుని కండెలు చుట్టినదాన్ని. నీ కాలు ఏ తొక్కుడుకర్ర మీద ఎప్పుడు పడుతుందో చెవులతోనే నేర్చుకున్నా. మీ అమ్మ బతికుండగా ఈ ఇంట్లో ఆడది గుంటలో దిగిందా? అందుకే ఎవరికీ అనుమానం రాలా. మొదటిసారి దిగింది మాత్రం నీకోసమే, నీమీదొట్టు. పిల్ల కూడా వెళ్ళిపోతుందని నిద్రపట్టక, నువ్వు కాళ్ళు పెట్టిన చోట కాళ్ళు పెట్టుకుందామని దిగా. కర్ర కదిలి చప్పుడైంది. బయట మంచం కిర్రుమంది. దడుచుకుని చాప మీదికొచ్చి పడ్డా. అది లోపలికొచ్చి, నాన్నా, అని గోడ పట్టుకుని ఏడ్చింది. అప్పుడు తట్టింది నా పాపిష్టి బుర్రకి. ఈ చప్పుడున్నంతకాలం ఇది గడప దాటదు అని.

మరి నన్నేం చెయ్యమంటావు? నువ్వేమో చెప్పాపెట్టకుండా పోతివి. అదీ పోతే, ఈ ఇంట్లో పొద్దు గుంకాక నేనెవరి మొహం చూడాలి?

నిన్న ఏం జరిగిందో పూర్తిగా విను. అది మగ్గం దగ్గరికొచ్చి బట్ట చుట్ట వదులు చేసింది. నీ నేత దగ్గర మొదలుపెట్టి అంచు వెంబడే వేలు జరుపుకుంటూ వచ్చింది. నీ అంచు గీత గీసినట్టుంటుంది. నాది చూశావుగా, నూలు బిగిసిన చోట లోపలికి, వదిలిన చోట బయటికి. అక్కడ దాని వేలు ఆగింది. చాలాసేపు ఆగింది.

"నాన్నకి చెయ్యి తిరగడం లేదమ్మా, పాపం," అంది. నా మొహం చూడలా. ఆ తర్వాతే చెప్పింది, ఉద్యోగం వద్దులే అని.

నాకు బుర్రకెక్కితేనా! సంతోషం పట్టలేక వంకాయ కూర కలుపుకుని కడుపునిండా తిన్నా. చాప మీద వాలాక తెలిసొచ్చింది. నేత ఇంట్లో పుట్టిన పిల్లకి తండ్రి అంచేదో, కానిదేదో తెలియదా? అన్నీ తెలిసే ఆగిపోయింది. దెయ్యమని భయపడి కాదు, నామీద జాలిపడి. నీ పేరు అడ్డం పెట్టి నేను ఆడిన అబద్ధాన్నే మళ్ళీ నాకు అప్పజెప్పింది, నన్ను తలదించుకోనివ్వకుండా. ఛీ, ఏం బతుకయ్యా నాది!

ఇవాళ తెల్లవారుజామున మగ్గం ముట్టలా. పొద్దున పిల్ల బస్సెక్కింది, తారిక్ గారికి వద్దని చెప్పడానికే. ఇంట్లో కాలు నిలవక ఇందాక ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తా. ఫోను ఫరహత్ ఎత్తింది. నాన్నగారు నమాజుకెళ్ళారాంటీ, దుర్గ ఆయన కోసమే చూస్తోంది, పిలవనా, అంది. వెనకాల ఎవరో పిల్ల ఇంగ్లీషులో గలగలా మాట్లాడుతోంది. పెద్ద గొంతు. నవ్వుతోంది, ఎవరినో నవ్విస్తోంది. ఎవరమ్మా ఆ పిల్ల, అన్నా.

"అదేంటాంటీ! దుర్గే గదా," అంది.

మన దుర్గంటయ్యా! ఈ ఇంట్లో ఆ గొంతు ఎన్నడన్నా విన్నామా మనం? ఇక్కడ అడుగు చప్పుడు కాకుండా తిరుగుతుంది. తెల్లవారుజామున మగ్గం విని అది ఎలా వణికేదో, ఆ బూత్‌లో నిలబడి నేనూ అలాగే వణికా.

పిలవొద్దులే తల్లీ, అన్నా. మీ నాన్నగారికి చెప్పు, మా పిల్ల వద్దంటే ఆ మాట ఇవాళ పట్టించుకోవద్దని. సాయంత్రం ఇంటికొచ్చి చూసుకున్నాక చెప్తుందని. ఏం చూస్తుందాంటీ, అంది. వాళ్ళమ్మ నేత చూస్తుందమ్మా, అని ఫోను పెట్టేశా.

ఇదిగో, తలుపులు బార్లా తీశా. ఎండంతా మగ్గం మీదే పడుతోంది. వదిన వస్తే రానీ, బుగ్గలు నొక్కుకుంటే నొక్కుకోనీ. ఇంకో మూరెడు నేస్తే చీర అయిపోతుంది. అది బస్సు దిగి వచ్చేసరికి నేను గుంటలోనే ఉంటా. సగం నీ అంచు, సగం నా వంకర అంచు. కట్టుకుని పోనీ బెంగుళూరుకి. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఒకవేళ చూసి కూడా, అయ్యో అమ్మ, అని ఆగిపోతే? ఏమో. అదీ నేను చేసుకున్నదే.

ఇంక నీ సంగతి. చీర అయిపోతే నీకిక్కడ పనుండదు, వదిన చెప్పింది గదా. నువ్వు రాలేదని ఇందాక అన్నా, కోపంతో అన్నాలే. గుంటలో దిగినప్పుడల్లా పాదాలకి చల్లగా తగిలేది. మట్టి చల్లదనమే అయ్యుంటుంది. నేను మాత్రం నువ్వే అనుకునేదాన్ని.

లేవయ్యా. జరుగు. గుంటలో ఒక్కరికే చోటు.