ఇద్రీస్ సాబు మూడుసార్లు అడుగుతడు

ఇద్రీస్ సాబు కాళ్లెందుకు పట్టుకున్నవ్ లింబాద్రీ? నిన్న ఆయన కుర్చీ గోడకు తగిలేదాక ఎనక్కి జరిగింది, చూసినవా? నువ్వు మీద పడ్డవనుకున్నడు. పోలీసాయన నీ మెడ పట్టి గుంజకపోతే ఇంకో కేసు అయ్యేది.

మొహం అటు తిప్పకు. పోలీసాయన నమాజుకు పోయిండు, వచ్చేదాకనే మనకు టైం. నేను తర్జుమా చేసెటోణ్ని. కేసుల ఉన్నోనితోటి ఇట్ల ఒంటరిగ కూసోని మాట్లాడొద్దు. ఎవలన్న చూస్తే నా నౌకరీ ఖలాస్. 'మాది మెట్‌పల్లి, ఆయనది పక్క ఊరు' అంటే వినేటోడు ఈ షార్జాల ఎవడు?

ఆయన్ని ఎవరనుకున్నవ్? మీ కులపెద్ద జోగయ్య అనుకున్నవా?

నాకు తెల్వదా మీ పంచాయతీ? చిన్నప్పుడు గోడెక్కి చూసెటోణ్ని. మనిషి రుమాలు కింద పరుస్తడు, కాళ్ల మీద పడ్తడు, 'తప్పంత నాదే' అంటడు. ఎంత ఎక్కువ ఒప్పుకుంటే అంత మర్యాద. అప్పుడు పెద్దమనిషి 'లేవురా, నీ ఒక్కనిదేనా' అంటడు. పక్కపొంటి ఇంకొకడు 'నేను గూడ చూసుకోకపోతి' అంటడు. తప్పు నలుగురు పంచుకుంటరు, కల్లు తాగి ఇండ్లకు పోతరు.

ఈడ 'నీ ఒక్కనిదేనా' అనేటోడు లేడు లింబాద్రీ. నువ్వు మొత్తం నెత్తిన ఎత్తుకుంటే మొత్తం నీదే అని రాసుకుంటరు. అంతే.

సరే, ఆయన సంగతి చెప్తా, విను.

సూడాను మనిషి. తండ్రి నైలు నది మీద పడవ నడిపెటోడు. ఇద్రీస్ సాబు కానూన్ చదివి, ఆడనే శానేండ్లు సర్కారు వకీలుగ చేసిండు. ఈడి ఏడు రాజ్యాలు ఒక్క ఫెడరల్ సర్కారయినంక, కోర్టులు కొత్తగ పెడుతుంటే, చదువుకున్నోళ్లు గావాలెనని బయటి దేశాల నుంచి పిలిపిచ్చుకున్నరు. అట్ల వచ్చిండు, ఈడ గూడ సర్కారు వకీలే, మనిషిని అడిగి కేసు రాసేది ఆయనే. పెండ్లాం పిల్లలు ఆడనే. ఏడాదికొకసారి పోతడు.

వచ్చిన కొత్తల ఆయనకు ఉన్నది ఒకటే అర్ర. కూలరు లేదు. పాత తలుపు రెండు డ్రమ్ముల మీద పెడితే అదే టేబులు. ఫైళ్లు ఎగిరిపోకుండ మీద ఇటుక పెట్టేది. నేను అప్పటి సంది ఉన్న. మొదటిరోజే నాతోటి ఏమన్నడో తెలుసా? 'నూర్ మొహమ్మద్, ఒక మాట కలపకు, ఒక మాట తియ్యకు. వాడు నేను అంటే నువ్వు గూడ నేను అనే చెప్పు.' ఇగ చూడు, ఎన్ని దొంగతనాలు నా నోటితోటి ఒప్పుకున్న, ఎందరిని కొట్టిన్నో. అరబ్బీల నా అంత పెద్ద గూండా ఈ ఊర్ల లేడు.

నవ్వితే నవ్వు. నువ్వు నవ్వి ఎన్నిరోజులైందో.

పోయినేడు అబుదాబి దిక్కు ముసఫ్ఫా నుంచి వచ్చిన లారీ ఒకటి మనిషిని గుద్దింది. డ్రైవరు పఠాను. బ్రేకులు మంచిగనే ఉన్నయని ఆ కంపెనీ ముదీర్, అదే మేనేజరు, అన్నడు, కంపెనీ అంత అదే మాట. పఠాను ఒక్కటే అన్నడు: 'బ్రేకు లేదని పొద్దుగాల చెప్పిన, అయిన పంపిండ్రు.' ఆ ఒక్క మాట పట్టుకొని ఇద్రీస్ సాబు షెడ్డుకు పోయిండు. కోటు తీయకుండనే లారీ కిందికి దూరిండు. కంపెనీ చాయి ముట్టలేదు, తన ఫ్లాస్కు తనే తీసుకపోయిండు. ఆఖరికి కోర్టుల నిలబడ్డది ముదీర్.

నేను చెప్పేది అదే. మాట ఉంటే ఆయన ఏడిదాకనైన పోతడు. మాటే లేకుంటే ఏం పట్టుకొని పోవాలె?

మరి ఆ రోజు మీ సజ్జా సైటుల ఏమైంది? మట్టి కూలకుండ పక్కలకు పలకలు కొట్టందే గుంతల దిగొద్దని నువ్వు మీ ముదీర్‌తోటి అన్నవా, లేదా? పలకలు రేపొస్తయి, యల్లా యల్లా, జల్ది దిగుండ్రి అని ఆయన అన్నడా, లేదా? నాకెట్ల తెలుసంటే, నీ మనుషులే చెప్పిండ్రు. ఇదే మాట సాబు ఆఫీసుల చెప్పుండ్రయ్య అంటే ఒక్కడు కదలడు. 'మేస్త్రి ఏమంటే మేం అదే' అంటరు. మేస్త్రి ఏమంటుండు? 'నేనే దింపిన.'

అవు, నువ్వే దింపినవ్. కాదన్ననా? మీ ఊరి పోశయ్య నీ మాట మీదనే దిగిండు. మట్టి కూలి అండ్లనే పోయిండు. పార తాకుతదని నీ చేతులతోటే తోడినవ్, ఆ గోర్లు చూస్తే తెల్వదా.

ఏందీ? జెర గట్టిగ అను.

సమ్మవ్వనా.

హా... అది చెప్పు. పోశయ్య పెండ్లానికి మాటిచ్చి తీసుకొచ్చినవ్. ఇప్పుడు 'నేను కాదు, ముదీర్ అన్నడు' అంటే, లింబాద్రి ఇంకొకని మీదికి నూకి తప్పిచ్చుకున్నడని ఊరంత అంటది. గదేనా? ఈడ జైలైన మంచిదే, ఆడ మాట పడొద్దు అంటవ్.

మరి ఒకటి చెప్పు. జోగయ్య ముందట సగమే చెప్తే ఊకుంటడా? పొద్దుగాల సంది చెప్పుమనడా? ఎవలేమన్నరో, దేని ఎనక ఏది జరిగిందో, అన్నీ అడుగుతడు గద. అట్లనే చెప్పు. ముదీర్‌ని తిట్టకు, ఆయన మీద పెట్టకు. ఆయనన్న మాట ఒక్కటి దాచకు. అంతే నేనడిగేది.

నువ్వు జైలుకు పోతవ్, సరే. ముదీర్ ఎల్లుండి ఇంకో గుంత తవ్విస్తడు. పలకలు అప్పుడు గూడ రేపే వస్తయి. అండ్ల దిగేది ఎవలు? నీ ఎంబడి వచ్చినోళ్లే. వాళ్లకు గూడ పెండ్లాలున్నరు లింబాద్రీ.

ఏమంటవ్?

మళ్లొకసారి అను.

'సమ్మవ్వ మొహం చూడాల్సింది నేను, నువ్వు కాదు.'

మంచిది. ఇగ నేనేం చెప్పాలె?

అగో, బూట్ల సప్పుడు. నమాజయింది.

లోపల ఇద్రీస్ సాబు మూడుసార్లు అడుగుతడు. అది ఆయన అలవాటు, మూడోసారి శానా మెల్లగ అడుగుతడు. అడిగేటప్పుడు నీ దిక్కు చూస్తడు, జవాబుకు నా దిక్కు చూస్తడు. నువ్వు 'నేనే' అంటవ్. నేను అరబ్బీల 'నేనే' అంటా. ఒక మాట కలపను, ఒక మాట తియ్యను. ముదీర్ అన్న మాట నేనే కలిపితే ఏమైతదో ఈ నాలుగు రోజుల సంది ఆలోచించిన. నాకు ధైర్యం చాలలేదు.

నీకేం, తప్పు ఒప్పుకున్నోనివి. జైల్ల నిమ్మళంగ పండుకుంటవ్. పోశయ్యను సంపింది నేనే అని మూడుసార్లు చెప్పి, సాయంత్రం టిఫిన్ డబ్బా పట్టుకొని బస్సెక్కాల్సింది నేను.

చెప్పులేసుకో. పా.