గుడ్డ కింద అమ్మిన సైకిలు

“గుడ్డ కింద నా గొంతు కోసినావు గదా బావా!”

ఆలూరు సంతలో ఎద్దుల దళారి తల ఎత్తాడు. పొద్దున తన చేత సైకిలు అమ్మించుకున్న బావమరిది ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“అరవాకప్పా. యాభైకి అమ్మించి దుడ్లు నీ చేతిలోనే పెట్టినా గదా.”

“కొన్న ఖాసిం వలి కాఫీ అంగడికాడ చెప్తాండాడు, ఎనభై ఇచ్చినానని. గుడ్డ కింద వేలుకు పది లెక్కన ఎనిమిది వేళ్ళు పట్టినాడంట. నాకు అయిదే అంటివి!”

“సంతలో బేరమంటే గుడ్డ కప్పి వేళ్ళు పట్టేదే.”

“అది ఎద్దులకు! ధర వింటే సైకిలు సిగ్గుపడతాదా?”

“దళారికీ కడుపుండాది.”

“నీ కూలి మూడు రూపాయలు ఇచ్చినా గదా! యుద్ధం వచ్చి టైర్లు దొరక్క పాత సైకిళ్ళకు ధర పెరిగిందని నీకు తెలుసు, నాకు తెల్దు. ఒక ఎద్దు చస్తే, మిగిలినదానికి జోడు కొననీకి అమ్ముకుంటి. యాభైకి ఎద్దు యాడ వస్తాది?”

“మెల్లగా. ఇంట్లో మాట్లాడుకుందాం. మీ అక్క...”

“ఇంట్లో కాదు, ఈడనే! ముప్పై తీయి. ఆ గుడ్డ కూడా ఇయ్యి. ఇంకమీద ఈ సంతలో ఎవురి ధరైనా నలుగురూ వినేట్టు నోటితో చెప్పల్ల!”