బజ్రఘాట్ కోటకు ఆరు లైన్లు

కనకయ్యకు కోపం రావడానికి కారణం ఎప్పుడూ అక్కర్లేదు గానీ, ఆ రోజు మాత్రం కారణం ఉంది. కాగితం మీద రాసి మరీ ఉంది.

అమీర్‌పేటలో స్వరాజ్యం చాయ్ బండి దగ్గర ఆయన ఆ కాగితాన్ని బల్ల మీద చరిచాడు. గ్లాసులు గలగలమన్నాయి. ఎదురుగా కూర్చున్న జీవానందం గారు పక్క వీధి కోచింగ్ సెంటర్లో చరిత్ర చెబుతారు. సరిహద్దు కోటల మీద ఆయన రాసిన నోట్స్ మధ్యాహ్నం ప్రింటుకు పోవాలి. మిలిట్రీలో ఉండగా మీరు బజ్రఘాట్ కోటలో పనిచేశారట కదా, ఒకసారి చూడండి అని మర్యాదకు ఇచ్చి చిక్కుల్లో పడ్డారు.

"సార్, బజ్రఘాట్ కోటకు ఆరే లైన్లా? నది ఒడ్డున తెల్లదొరలు ఎన్నడు కట్టిండ్రో రాసిండ్రు. ముగ్గురు ఆఫీసర్ల పేర్లు రాసిండ్రు. వరదొచ్చి పదకొండు దినాలు తొవ్వ తెగింది, అయినా ఒక్క సిపాయి సుత చావలేదని రాసిండ్రు. ఎందుకు చావలే? ఊకెనే చావలేదా? నా పేరేది?"

"మీ పేరు నాకెక్కడా దొరకలేదండీ. ఏం చేశారో చెప్పండి. నమ్మేలా ఉంటే ఒక లైను చేరుస్తాను."

ఒక లైను! కనకయ్య గుండె ఝల్లుమంది. బల్కంపేటంతా మిలిట్రీ కనకయ్య అని పిలుస్తుందే గానీ, బంధువుల పెళ్లి పత్రికల్లో తప్ప ఆయన పేరు ఎక్కడా అచ్చు కాలేదు. పక్క బల్ల దగ్గర మానస, యూసుఫ్‌గూడ రూములో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్ల, పెన్నుకు మూత పెట్టి చెవి ఇటు వేసింది.

"నేను బురుజు మీద పహారా ఉన్న. చేతిల తుపాకి. మీద వాన. చూస్తె నది దిక్కు గోడకు చిన్న పగులు, వేలు పట్టేంత. నీళ్లు కారుతున్నయి. కిందికి దిగి వీపు ఆనిచ్చి నిలబడ్డ. గంతే. ఎవలైనా చేస్తరు."

"పాపం," అంది స్వరాజ్యం చాయ్ వడపోస్తూ.

"పాపమా? రెండు దినాలు నిలబడ్డ చెల్లె! మూడో దినానికి పగులు దర్వాజంత అయింది. నేను సుత గంత వెడల్పయిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? నది చూసింది, వీడు జరుగుతలేడని. పక్కకెళ్లి కాదని కిందికెళ్లి వచ్చింది. కోటను పునాదుల మీదికెళ్లి లేపింది సార్! ఎనభై మంది సిపాయిలు, పన్నెండు కంచర గాడిదలు, రెండు ఫిరంగులు, కమాండరు సాబ్ గులాబి చెట్లు, అన్నిటితోని కోట తేలింది!"

"రాతి కోట తేలిందా అండీ?"

"రాతిది గనుకనే సీదా తేలింది! చెక్కదైతే బోర్ల పడుతుండె. నడుమ మాట్లాడకుండ్రి, జర ఇనుండ్రి."

కనకయ్య లేచి నిలబడ్డాడు. చాయ్ తాగి మెట్రో ఎక్కాల్సిన వాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు.

"తేలి తేలి యాడికి పోయింది? సరిహద్దు దాటింది! అవతలి దేశపోళ్ల ఆఫీసరు కాగితం తీసి, మా నీళ్లల్లకొచ్చింది గనుక ఇది మాదేనని రాసుకుంటుండు. నాకు ఒళ్లు మండింది. ఎవనయ్య జాగీరురా! మావోళ్లందరు కడుపుల తిప్పుతుందని పండుకున్నరు. నేనొక్కణ్ణే బురుజు మీద కూసొని, కాళ్లు నీళ్లల్ల పెట్టి, చేతిలున్న పెద్ద గంటెను తెడ్డు లెక్క వేసిన. ఒక్క ఏటు! కోట గిర్రున తిరిగింది. ప్రవాహానికి ఎదురు, నూట ఇరవై మైళ్లు, కూసున్న తావులకెళ్లి లేవకుంట తోలుకొచ్చిన. పాత పునాది మీద పెడితె కమాండరు సాబ్ ఒక కన్ను మూసి చూసి, 'కనకయ్యా, జర ఎడమకు' అన్నడు. జరిపిన. ఇప్పటికి గట్లనే ఉంది, పోయి చూసుకోండ్రి! గిది ఇడిచిపెట్టి ఆరు లైన్లు రాస్తరా?"

ఎవరో ఈల వేశారు. కనకయ్య చూపు మాత్రం జీవానందం గారి పెన్ను మీదే ఉంది.

"అంకుల్," అంది మానస. నాలుగు వాక్యాలిస్తే తప్పుది ఏరడం ఆ పిల్లకు రోజూ ఉండే పని. "మీరు తుపాకి పట్టుకొని పహారాల ఉన్నరు గద. మరి మీ చేతిలకు అన్నం గంటె ఎట్లొచ్చింది?"

బండి చుట్టూ నవ్వు గుప్పుమంది. కోటను నూట ఇరవై మైళ్లు లాగినవాడు ఆ ఒక్క గంటెను దాచలేకపోయాడు.

"నవ్వుతున్నరా? గంటె అంటె నవ్వులాటనా?" ఆయన మళ్లీ బల్ల చరిచాడు. "అవును, వంటోణ్ణే! తొవ్వ తెగిన దినం ఒకటే బస్తా బియ్యం ఉంది, ఎనభై మంది ఉన్నరు. ఆఫీసరు కడుపునిండ వండుమన్నడు. నేను వండలే. దినాం గంజి కాసిన. అందరు తిట్టిండ్రు. ఆ ఆఫీసరైతే చెంప మీద కొట్టిండు. పన్నెండో దినం తొవ్వ తెరిచిండ్రు, అప్పటికి ఇంకొక పూటకు బియ్యం ఉండె. కొట్టినోని పేరు మీ ఆరు లైన్లల్ల ఉంది సార్. నా పేరు లేదు."

నవ్వు ఆగిపోయింది. జీవానందం గారు ఏమీ అడగకుండా పెన్ను మూత తీశారు. తర్వాత మాత్రం అడగక తప్పలేదు.

"వంటమనిషి అని రాయమంటారా కనకయ్య గారూ?"

అక్కడే చిక్కొచ్చి పడింది. వంటమనిషి అని అచ్చైతే ఇన్నేళ్లు భుజాన మోసిన తుపాకి పోతుంది.

"బల్కంపేటల ఏమనుకుంటరు సార్? అందరికి తుపాకనే చెప్పిన."

"మాకెప్పుడో తెల్సు కనకన్నా," అంది స్వరాజ్యం, గ్లాసులు కడుగుతూ. "బోనాలకు ఐదొందల మందికి ఒక్కనివే అన్నం వండితివి గద. తుపాకి పట్టినోనికి గంజి గట్ల వార్చొస్తదా?"

"తెల్సా? తెల్సి సుత ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నరు?"

"నువ్వు మస్తు చెప్తవు గదా అన్నా. ఇనబుద్ధయితది."

కనకయ్యకు ఒళ్లంతా మండింది. సిగ్గూ వేసింది. స్వరాజ్యాన్ని ఏదో అనబోయి, మధ్యాహ్నం ప్రింటు సంగతి గుర్తొచ్చి, కాగితాన్ని జీవానందం గారి వైపు తోశాడు.

"రాయుండ్రి సార్. వంటోడు అని ముందు రాయుండ్రి. పేరు తర్వాత."