కంప్యూటర్లో ఏ నీళ్ళు పొయ్యాలి

ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద విప్పదీసిన కంప్యూటరు, నాలుగు సీసాలు, ఒక గరాటు. బల్లకి అటు భర్త, ఇటు భార్య. పక్కగదిలో అతని తల్లి.

"…అందుకని గులాబీ రంగుది కూడా వద్దు."

"నిన్న అదే కావాలని పట్టుబట్టారు కదండీ."

"నిన్న రంగు చూసి మోసపోయాను. తర్వాత కూర్చుని వివరంగా చదివాను. ఇది పాలలా చిక్కగా ఉంటుంది కదా, కొన్నాళ్ళకి అడుగున పేరుకుంటుందిట. చిప్పు మీద కూర్చునే రాగి దిమ్మ ఉంది చూడు, దాని లోపల అన్నీ సన్నటి సందులు. అవి పూడుకుపోతే అంతే సంగతులు."

"సరే, గులాబీ పోయింది. ఈ మెరుపుల సీసా?"

"అది ఫొటోల కోసం. పోసి, ఫొటో తీసుకుని, పారబొయ్యాలి."

"మరెందుకు కొన్నారు?"

"ఫొటో తీసుకోవద్దూ?"

"మహానుభావా! నన్ను చేసుకునేటప్పుడు ఇందులో పావువంతైనా ఆలోచించారా?"

"అప్పుడు ఇన్ని రకాలు లేవుగా."

"బాగుంది. ఈ మాట అత్తయ్య వినేలా అనండి."

"వింటూనే ఉన్నానమ్మాయ్. ఒరేయ్, ఆ బల్ల ఎప్పుడు ఖాళీ చేస్తావురా? కంచం ఒళ్ళో పెట్టుకుని తినలేక చస్తున్నాను."

"అయిపోయిందమ్మా. ఒక్క కూలెంటు తేల్చుకుంటే అయిపోయినట్టే."

"నెల్లాళ్ళుగా అయిపోయినట్టే ఉందిరా నాయనా. ఇంతకీ కూలెంటంటే ఏమిటి?"

"మెషీను వేడెక్కకుండా లోపల పైపుల్లో తిరిగే నీళ్ళు."

"నీళ్ళేనా? ఇంత రభసా నీళ్ళ కోసమా? కుళాయి రావట్లేదా ఏం?"

"చూశావా? ఇలాంటివాళ్ళకి ఏం చెప్పమంటావు?"

"కుళాయి నీళ్ళు వద్దులెండి అత్తయ్యా, పాకుడు పడుతుంది. ఈయన దగ్గర వినీ వినీ నాకూ అంత మాత్రం జ్ఞానం వచ్చింది."

"నీకు రాకపోతే ఎవరికొస్తుందమ్మా. వాడు పనిచేస్తుంటే చూస్తూ కూర్చోవడమే కదా నీ పని."

"పని చేస్తుంటే చూడొచ్చండీ. ఈయన ఆలోచిస్తుంటే చూస్తున్నాను నేను."

"ఆలోచించడం తప్పా? ఒకసారి పోశాక వెనక్కి తీసుకోలేం. ఇది నా మొదటి నీళ్ళ కూలింగు."

"అక్షరాలా మీదే. కంప్యూటరు మాత్రం నాది. గుర్తుందా?"

"గుర్తులేకపోవడమేం?"

"రేపు పొద్దున్నకల్లా మన ఆఫీసు పెద్దాయనకి నేను డిజైన్ చేసిన లైబ్రరీ భవనం వీడియో పంపాలి. అదీ గుర్తుందా?"

"ఉంది, ఉంది."

"కొత్త ఊళ్ళో తెరిచే ఆఫీసుకి హెడ్డుగా మనిద్దరిలో ఎవరు వెళ్ళాలో ఆ వీడియోలు చూసే తేలుస్తారు. మీరు మీది పంపేసి చాలా రోజులైంది."

"ఆఫీసు మెషీను కదా, తొందరగా అయింది."

"అదే కదా నా ఏడుపు. ఆఫీసులో మంచి మెషీను మీకిచ్చారు. నాకు ఇంట్లో ఇదొక్కటే దిక్కు. పాపం అది వేడెక్కి మధ్యలో ఆగిపోతోందంటే మీరేమన్నారు?"

"నీళ్ళ కూలింగు పెట్టిస్తానన్నాను. కానుకగా. తప్పా?"

"కానుక విప్పారు. బిగించడమే మర్చిపోయారు."

"వెటకారం తగ్గించు కొంచెం."

"తగ్గిస్తాను. ఇదిగో, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు. దీనికేం వచ్చింది?"

"ఒట్టి నీళ్ళు. అందులో పాకుడు రాకుండా మందు చుక్కలు కలపాలి. ఎన్ని చుక్కలనేది ఇంకా తేలలేదు."

"ఎవరికి తేలలేదు?"

"ఇంటర్నెట్‌లో కంప్యూటర్ల ఫోరంలో. పెద్ద గొడవే జరిగింది. ఒకాయన అలిగి మానేశాడు కూడా."

"అలగడమైనా తొందరగా తేల్చుకున్నాడు. నయం. ఇక మిగిలింది ఇదొక్కటే. రంగులేదు, మెరుపులేదు, చుక్కలు కలపక్కర్లేదు. మూత తీసి పొయ్యడమే. మొదటిసారి వాళ్ళకి ఇదే మంచిదని దుకాణం ఆయన చెప్పాడన్నారు."

"చెప్పాడు. కానీ…"

"ఊఁ, దీని వంకేమిటో సెలవియ్యండి."

"కనపడదు."

"ఏం కనపడదు?"

"పైపుల్లో ఉందో లేదో కనపడదు. ఒట్టి నీళ్ళలా ఉంటుంది. లోపల దీపాలు పెట్టాను, అద్దం తలుపు పెట్టాను. ఇంతా చేసి, ఎవరైనా వచ్చి చూస్తే ఏముంది అందులో?"

"ఎవరొస్తారండీ మన కంప్యూటరు చూడ్డానికి? నా వీడియోలో గోడలకి రంగుంటే చాలు, మీ నీళ్ళకి అక్కర్లేదు. ఆ గరాటు ఇలా ఇవ్వండి."

"ఏయ్, ఏం చేస్తున్నావు?"

"మూత తీస్తున్నాను."

"లీకు పరీక్ష చెయ్యాలింకా."

"నిన్న చేశారు. కింద కాగితాలు పరిచి, పైపులో నోటితో ఊదారు. కళ్ళు తిరుగుతున్నాయని పడుకున్నారు. నేనే మంచినీళ్ళిచ్చాను."

"అది సరిగ్గా అయినట్టు కాదు…"

"తప్పుకోండి."

"వద్దు. ఆగు. ఆగమంటున్నానా! పొయ్యకు!"

"ఎందుకు?"

"పొయ్యకూడదు."

"అదే, ఎందుకండీ?"

"సీసా వెనక చూడు."

"చీమతలకాయలంత అక్షరాలు… 'అల్యూమినియం భాగాలున్న చోట వాడరాదు.' అయితే? మనకెక్కడుంది అల్యూమినియం? … అటెందుకు చూస్తారు? నా మొహం చూసి చెప్పండి."

"రేడియేటరు."

"ఈ తెల్లటిదా? నీళ్ళు చల్లారడానికి అని తెచ్చిందా?"

"ఊఁ. చిప్పు మీద దిమ్మ రాగి. ఇది అల్యూమినియం. రెండూ ఒకే నీళ్ళలో ఉంటే ఆ నీళ్ళే రేడియేటర్ని లోపల్నించి మెల్లగా తినేస్తాయి. చివరికి చిల్లు పడుతుంది."

"ఇంకో సీసా పోస్తే?"

"ఏది పోసినా అంతే. మందు కలిపినవైతే నెమ్మదిగా తింటాయి. ఆ బ్యాటరీ నీళ్ళు పోస్తే తొందరగా తింటాయి."

"అంటే ఈ నాలుగు సీసాల్లో పనికొచ్చేది ఒక్కటీ లేదు."

"లేదు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొదటి సీసా తెచ్చిన రోజే."

"మరి మిగతా మూడు ఎందుకు తెచ్చారండీ?"

"ఏమీ తేకపోతే నువ్వు అడుగుతావని."

"అయ్యో రామా!"

"నవ్వకు."

"నవ్వట్లేదండీ. ఆపుకుంటున్నాను. దుకాణంలో రాగిది లేదా?"

"ఉంది. నల్లగా ఉంది. మన కంప్యూటరు డబ్బా తెల్లది కదా, నప్పలేదు."

"ఏమిటమ్మాయ్ ఆ నవ్వు? ఏమైంది?"

"ఏం లేదత్తయ్యా! మీ అబ్బాయి మ్యాచింగు చూసుకున్నారు!"

"ఇదిగో, ఇందుకే చెప్పలేదు. ఇంటిల్లిపాదీ నవ్వుతారని."

"నవ్వితే నవ్వారు. నెల్లాళ్ళు దాచాల్సిన ఘోరమా ఇది? కుడివైపు రావాల్సిన మెట్లు ఎడమవైపు గీసి ఒక బిల్డింగే లేపబోయాను నేను, మీరే పట్టుకున్నారు. తప్పులు చెయ్యనివాళ్ళెవరు? అయిందేదో అయింది. పాత ఫ్యాను బిగించండి."

"ఏమిటి?"

"పాత ఫ్యాను. ఇది తెచ్చిన అట్టపెట్టెలో భద్రంగా ఉంది, నేనే పెట్టాను. నీళ్ళ సంగతి నెమ్మదిగా చూసుకుందాం. ఇప్పుడు బిగిస్తే పొద్దున్నకి వీడియో వచ్చేస్తుంది."

"మళ్ళీ వేడెక్కి ఆగిపోతుంది."

"పక్కనే కూర్చుని లేపుకుంటాను. తలుపు తీసేసి టేబుల్ ఫ్యాను పెడతాను."

"దుమ్ము పడుతుంది."

"పడనీండి."

"అలా కాదు, చిప్పుకి పేస్టు రాయాలి. లేకపోతే కాలిపోతుంది."

"ఇదిగో పేస్టు. మీ మోచెయ్యి కిందే ఉంది."

"ఎండిపోయుంటుంది."

"సీలే తియ్యలేదు. చూడండి."

"స్క్రూలు…"

"గిన్నెలో ఉన్నాయి. అన్నీ ఉన్నాయండీ. బిగించే మనిషొక్కడే కావాలి."

"అబ్బా, అంత హడావిడి ఎందుకు చెప్పు."

"రేపు పంపాలి కనక."

"పంపకపోతే కొంపలేం మునగవు. ఈసారికి వదిలెయ్యి. మళ్ళీ వస్తుంది అవకాశం."

"ఇంకోసారి అనండి."

"నేననేది ఏమిటంటే…"

"వదిలెయ్యి అన్నారు."

"కోపం తెచ్చుకోకు. ఆలోచించు. ఎవరు వెళ్ళినా మనింటికి మంచిదే కదా. నేను వెళ్తే నువ్వూ వస్తావు, అమ్మా వస్తుంది. హాయిగా ఉంటుంది."

"నేను వెళ్తే?"

"నువ్వు వెళ్తే… అది వేరు."

"ఎలా వేరు?"

"నీ కింద పనిచెయ్యాలి నేను. అందరిముందూ నిన్ను మేడం అనాలి. నా పని నువ్వు దిద్దితే తలూపాలి. భయంగా ఉంది, నిజం చెప్తున్నాను. నీది నా దానికంటే బాగుంది. చాలా బాగుంది. నాకు తెలుసు."

"ఎలా తెలుసు? నేనింకా ఎవరికీ చూపించలేదే."

"చూశాను. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. తెర మీద ఉంటే."

"నెల్లాళ్ళుగా మెషీను బల్ల మీద ముక్కలై ఉంటే తెర మీద ఎలా ఉంటుంది?"

"విప్పక ముందు."

"అంటే ముందు చూశారు. తర్వాత విప్పారు."

"అలా అనకు. కావాలని చెయ్యలేదు, ఒట్టు. బాగుచేద్దామనే విప్పాను. ఆ తర్వాత… ప్రతిరోజూ రేపు చేద్దాంలే అనిపించేది. ఆలస్యమైతే ఏం పోయిందిలే అనిపించేది. అంతే."

"అంతే."

"మాట్లాడు. తిట్టు, పోనీ."

"తిట్టబుద్ధి కావట్లేదండీ. పొద్దున్నించీ మిమ్మల్ని ఏడిపిస్తూ నవ్వుకున్నాను. ఇప్పుడు మాత్రం చాలా బాధగా ఉంది."

"సారీ. పోనీ, బిగిస్తాను. ఇప్పుడే బిగిస్తాను. ఫ్యాను ఏదీ?"

"అక్కర్లేదు. శుక్రవారమే పంపేశాను."

"ఏం పంపావు?"

"వీడియో."

"మెషీను ఇక్కడ ఇలా పడుంటే దేంతో చేశావు?"

"మీ మెషీనుతో. కూలెంటు చూడాలని రోజూ ఆఫీసు నుంచి ముందే లేచి దుకాణానికి పోయేవారు కదా. మీ సీటు ఖాళీ. మెషీను బ్రహ్మాండంగా నడిచింది. ఒక్కసారి కూడా ఆగలేదు."

"నా పాస్‌వర్డు?"

"మర్చిపోతారని మానిటరుకే అంటించుకున్నారు."

"ఫైళ్ళు?"

"మీరు స్క్రూడ్రైవరు పట్టుకోగానే కాపీ చేసుకున్నాను. మీ చేతి మహిమ నాకు తెలీదూ?"

"మరి పెద్దాయన…"

"నిన్న సాయంత్రం ఫోన్ చేశారు. పోటీ మనిద్దరికే కదా, రెండూ చూశాక ఇంకెవరి కోసం ఆగుతారు? నన్నే వెళ్ళమన్నారు."

"మంచిది. నిజంగానే మంచిది. రావాల్సింది నీకే. కానీ నాకొకటి అర్థం కావట్లేదు. అన్నీ అయిపోయాక పొద్దున్నించీ ఈ సీసాలెందుకు, ఈ గరాటెందుకు, ఈ ఫ్యాను గొడవెందుకు?"

"బిగిస్తారేమో చూద్దామని."

"బిగిస్తానన్నానుగా!"

"చివర్న అన్నారు. అన్నీ దొరికిపోయాక."

"సరే, తప్పే. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యక్కర్లేదు. అక్కడ ఇల్లు ఎంతమందికి చూడమంటావని పెద్దాయన అడిగారు. ఇవాళ చెప్తానన్నాను."

"ఏం చెప్తావు?"

"ఇదిగో, మెసేజ్ పెట్టేశాను. ఇద్దరికి."

"హమ్మయ్య! గుండె జారిపోయిందనుకో. నన్ను వదిలేసి పోతావేమో అనుకున్నాను. మేడం అనడం అలవాటు చేసుకుంటాలే, ఇవాళ్టి నించే మొదలుపెడతాను, సరేనా మేడం? కానీ… ఇద్దరికే ఏమిటి? మరి అమ్మ? ఈ వయసులో ఆవిడ ఒక్కతీ ఇక్కడెలా ఉంటుంది?"

"అత్తయ్య ఇక్కడెందుకు ఉంటారండీ? నాతో వస్తున్నారు."