తొమ్మిదో క్యాసెట్, రెండో వైపు

నా పేరు షేక్ బీబీజాన్. మరణించిన షేక్ ఇస్సాక్ భార్యను. వయసు యాభై ఏళ్లు. చల్లపల్లిలో పదో తరగతి దాకా చదివాను. విజయవాడ పటమటలో ఉంటూ కుట్టుపని చేసుకుంటాను. ఈ రోజు 2001 సెప్టెంబరు 3, సోమవారం, ఉదయం పదకొండు గంటలకు మేజిస్ట్రేటు గారి ఎదుట నా ఇష్టంతో చెబుతున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. నా తమ్ముడు అఫ్రాజ్ బయటికి రావాలన్న కోరిక నాకుంది. అది దాచను. అయినా అబద్ధం చెప్పను.

అఫ్రాజ్ టేప్ రికార్డర్లు బాగుచేసే మెకానిక్. 1995లో మా మేడమీద గదిలో సొంతంగా క్యాసెట్ కంపెనీ పెట్టాడు. పేరు కరకట్ట రికార్డ్స్. పెద్ద గిటార్లు వాయిస్తూ గొంతు చించుకుని అరిచే పాటలు వేసేవాడు. వాటిని హెవీ మెటల్ అంటారట. పెద్ద కంపెనీలు ఆ పాటలు తీసుకోవు కాబట్టి మనమే వేద్దాం ఆపా అన్నాడు. వాడు నన్ను అక్కా అనడు, ఆపా అంటాడు. ఆరేళ్లలో తొమ్మిది క్యాసెట్లు వేశాడు. బెంగళూరు నుంచి, షిల్లాంగు నుంచి, పోలెండు అనే దేశం నుంచి ఉత్తరాలు రాసి తెప్పించుకునేవారు. పార్సిళ్లకు గుడ్డ కుట్టి లక్క సీలు వేసేది నేనే. కాపీలు తీసేదీ నేనే.

నేను పాటలు వినను. మా నాన్నగారు వద్దన్నారు, మానేశాను. అందుకే సౌండు పూర్తిగా తగ్గించి కాపీలు తీసేదాన్ని. మెషిను మీద రెండు ముళ్లు ఉంటాయి. పాట నడుస్తుంటే ఆడతాయి, ఆగితే పడిపోతాయి. మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక కూర్చుని, తస్బీ పూసలు తిప్పుకుంటూ ఆ ముళ్లు చూసేదాన్ని. ఆరేళ్లలో ఒక్క పాట వినలేదు. కానీ ఏ పాటలో ముల్లు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ పడుతుందో అన్నీ నాకు తెలుసు.

ఇంకో పని కూడా నాదే. అఫ్రాజ్ రికార్డింగు అయ్యాక మెషిను వెంటనే ఆపడు. పాట తర్వాత దగ్గులు, మాటలు పడేవి. 1997లో బెంగళూరు నుంచి ఒకాయన ఫిర్యాదు రాశాడు. అప్పటి నుంచి అసలు టేపు రాగానే చివరి భాగం నేనే తుడిచేస్తున్నాను. వినకుండానే తుడుస్తాను. ముల్లు కదలకుండా ఉంటే శుభ్రమైనట్టు.

తొమ్మిదో క్యాసెట్ బాలశౌరిది. వయసు ఇరవై ఆరు. వాళ్ల అమ్మ శౌరమ్మ గారు చల్లపల్లిలో ఉంటారు. ఆ అబ్బాయి మా ఇంటికి మూడేళ్లుగా వస్తున్నాడు. మెల్లగా మాట్లాడేవాడు. ఆ గొంతుతో అరుస్తాడంటే నేను నమ్మలేదు. నన్ను ఏడిపించేవాడు. "మా అమ్మ నా పాట వింటే ఫాదర్ గారికి కబురు పెడతది. నువ్వే నయం అక్కా, అసలు వినవు" అనేవాడు. నేను నవ్వి టీ ఇచ్చేదాన్ని. చక్కెర రెండు చెంచాలు.

ఆగస్టు 11, శనివారం, చల్లపల్లి దగ్గర మూతపడిన రైసుమిల్లు గోదాములో రికార్డింగు జరిగింది. లోపల అఫ్రాజ్, బాలశౌరి ఇద్దరే ఉన్నారు. వాయిద్యాలు ముందే అయిపోయాయి, గొంతు ఒక్కటే మిగిలింది. సాయంత్రం నాలుగున్నరకు పాట అయిందని, మెషిను నడుస్తుండగానే తాను జనరేటరు అతనితో మాట్లాడటానికి గేటు దాకా వెళ్లానని అఫ్రాజ్ చెబుతున్నాడు. తిరిగి వచ్చేసరికి బాలశౌరి లేడు, చెప్పులు మాత్రం ఉన్నాయి. బస్సుకు వెళ్లిపోయాడనుకుని, మళ్లీ వచ్చినప్పుడు ఇద్దామని చెప్పులు మా ఇంటికి తెచ్చి మెట్ల దగ్గర పెట్టాడు. చెప్పులు లేకుండా బస్సుకు ఎలా వెళతాడని నేనూ అడగలేదు.

ఆగస్టు 12, ఆదివారం, మధ్యాహ్నం రెండుంబావుకు ఆ టేపు రెండో వైపు చివర ఉన్న నాలుగు నిమిషాలు తుడిచేశాను. అఫ్రాజ్ చెరిపాడని పోలీసువారు రాశారు. అది తప్పు. అలవాటు ప్రకారం చెరిపింది నేను. అప్పుడు అఫ్రాజ్ కొట్టు దగ్గర ఉన్నాడు.

13వ తేదీ నుంచి కాపీలు మొదలుపెట్టాను, రోజుకు మూడో నాలుగో. మొదటి కాపీలోనే తుడిచిన చోట ముల్లు వణికింది. మెషిను తల మీద మురికేమోనని స్పిరిట్టు, దూదితో తుడిచాను. రెండో కాపీలో ఇంకొంచెం వణికింది. పన్నెండో కాపీకి మెల్లగా లేచి మెల్లగా పడుతోంది, నిద్రపోయేవాళ్ల రొమ్ములాగా. అసలు టేపు మారలేదు. నేను మళ్లీ తాకలేదు.

19వ తేదీ, ఆదివారం, పన్నెండు గంటలకు శౌరమ్మ గారు చర్చి నుంచి నేరుగా వచ్చారు. "మావాడు మీ ఇంట్లో ఉన్నాడా అమ్మా" అని అడిగారు. మెట్ల దగ్గర చెప్పులు చూసి సంతోషంగా పైకి ఎక్కబోయారు. లేడని నేను చెప్పాల్సి వచ్చింది. ఆమె ఆ చెప్పులు తన కొంగుతో తుడిచి తీసుకెళ్లారు.

ఆ మధ్యాహ్నం నమాజుకు ముందులాగే కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకుని, హెడ్‌ఫోను పెట్టుకున్నాను. అది ఇరవై ఏడో కాపీ. ముందు పాట విన్నాను. ఆ అబ్బాయి గొంతని గుర్తుపట్టలేకపోయాను. తర్వాత నాలుగు నిమిషాల గరగర. అందులో ఒకే ఒక్క మాట, "అక్కా". మెల్లగా, ఇంట్లో పిలిచినట్టే.

ముప్పై ఆరో కాపీలో "అక్కా, నువ్వు వినవుగా" అని ఉంది. నలభై నాలుగో కాపీలో "నువ్వు వినవు గనకే నీకు చెబుతున్నా" అని ఉంది. పాత కాపీలు మళ్లీ పెట్టి చూశాను. ఇరవై ఏడులో "అక్కా" ఒక్కటే ఉంది. ఏ కాపీలో ఎంత పడిందో అంతే ఉంటుంది.

26వ తేదీ, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి యాభై రెండో కాపీ తీశాను. అందులో మాట ఇలా ఉంది. "అక్కా, నువ్వు వినవు గనకే నీకు చెబుతున్నా. తలుపు దగ్గర నిలబడింది ఎవరంటే." అంతే. తర్వాత గరగర.

యాభై మూడో క్యాసెట్ మెషిన్లో పెట్టాను. మీట మీద వేలు పెట్టాను, నొక్కలేదు. మీరు ఎందుకని అడిగారు కాబట్టి చెబుతున్నాను. అది అఫ్రాజ్ పేరవుతుందేమోనని భయపడ్డాను. ఆ గదిలోకి మళ్లీ వెళ్లలేదు. ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పకుండా ఉన్న ఆ రోజుల్లో శౌరమ్మ గారు పోలీసు స్టేషను బయట కూర్చుని ఉన్నారని తర్వాత తెలిసింది.

బాలశౌరి కనపడకుండా పోయిన కేసులో 30వ తేదీన అఫ్రాజ్‌ను అరెస్టు చేశారు. ఆ చివరి నాలుగు నిమిషాలు వింటే తన తప్పు లేదని తెలుస్తుందని వాడే, నేను చివర తుడిచే సంగతి మరిచిపోయి, పోలీసువారితో అన్నాడు. స్టేషన్లో నా ఎదుటే అసలు టేపు వేశారు, ఏమీ లేదు. అఫ్రాజ్ నా వైపు చూసి "ఆపా" అన్నాడు. వాడి చూపును బట్టి వాడి తప్పు లేదని నాకు అనిపించింది. కానీ అనిపించడం సాక్ష్యం కాదు.

అప్పుడు యాభై రెండో కాపీ వినమని ఎస్సై గారిని వేడుకున్నాను. విన్నారు. ఆయనకు గరగర తప్ప ఏమీ వినపడలేదు. కానీ ముల్లు లేస్తోంది, పడుతోంది. ఫ్యాను ఆపమన్నారు. ఆపినా ముల్లు ఆగలేదు. ఆయన మెషిను ప్లగ్గు పీకేసి, "ఇది నేను రాయలేనమ్మా. కోర్టులో చెప్పుకోండి" అన్నారు.

నేను కోరేది ఒకటే. అసలు టేపు, మెషిన్లు, ఖాళీ క్యాసెట్టు ఒకటి ఇక్కడికి తెప్పించండి. యాభై మూడో కాపీ మీ ఎదుట నేను తీస్తాను. హెడ్‌ఫోను నాకు ఒకటి, శౌరమ్మ గారికి ఒకటి ఇవ్వండి. ఆమె తల్లి, ఆమెకు వినపడొచ్చు. ఏ పేరు వస్తే ఆ పేరు రాయండి. మా తమ్ముడి పేరైనా నేను మీట ఆపను.

పై మాటలు నాకు నిదానంగా చదివి వినిపించారు. భయపడ్డాను అన్న మాట కొట్టేయమంటారా అని గుమాస్తా గారు అడిగారు. ఉండనివ్వమన్నాను. నేను చెప్పినదే రాశారు, కలిపింది లేదు, వదిలింది లేదు. అల్లా ఎరుకలో ఇదంతా నిజం.

(సంతకం) షేక్ బీబీజాన్